పేరు పిలిచే వేళకు



పోలింగ్ కేంద్రంలో అడుగు పెట్టగానే మొదట ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బల్ల దగ్గర కూర్చున్న మొదటి పోలింగ్ అధికారి మీ చీటీ అందుకుని, జాబితాలో మీ వరుస సంఖ్య వెతికి, మీ పేరు పైకి చదువుతారు. వెనక బెంచీ మీదున్న పార్టీల ఏజెంట్లు తమ జాబితాల్లో ఆ పేరు చూసుకుంటారు. ఎవరూ కాదనకపోతే మీరు ముందుకు కదులుతారు. అక్కడ ఆస్తి అడగరు, కులం అడగరు, చదువు అడగరు. కలెక్టరు పేరైనా, కలెక్టరు ఇంటి ముందు వీధి ఊడ్చే మనిషి పేరైనా అదే గొంతుతో చదువుతారు.

నేను బడిపంతుల్ని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు డ్యూటీ పడని ఎన్నిక లేదు. ఆ చదివే గొంతు ఒక్కోసారి ఆగిపోవడం కూడా చూశాను. ఒక పల్లెలో నేను ప్రిసైడింగ్ అధికారిగా ఉన్నాను. మధ్యాహ్నం ఎండలో ఒక ముసలమ్మ వచ్చింది. ఓటరు కార్డు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. ముడి విప్పి, కార్డు బల్ల మీద పెట్టింది. మా అధికారి జాబితా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పేరు లేదు. అంతకు ముందు ఏడాది ఆమె కూతురి కాన్పుకని వెళ్లి, ఆరేడు నెలలు అక్కడే ఉండి వచ్చిందట. ఇంటికి తాళం చూసి, ఊరొదిలి వెళ్లిపోయిందని ఎవరో రాయించారు. ముసాయిదా జాబితా బడిలో పెట్టినప్పుడు ఆమెకు చెప్పినవాళ్లు లేరు. "పేరెందుకు తీసేశారు నాయనా? నేను బతికే ఉన్నాను గదా" అంది. జాబితాలో లేని పేరును పోలింగ్ రోజున చేర్చే అధికారం ప్రిసైడింగ్ అధికారికి లేదు. నేను ఆ మాటే చెప్పాను. ఆమె కార్డు మళ్లీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఆ ముడి నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

అందుకే ఈ వేళ మీతో మాట్లాడాలనుకున్నాను. ఓటు వేసేది ఒక్క పూట పనే. కానీ ఆ పూట మన పేరు పిలవాలంటే, దాన్ని ఏడాది పొడవునా చూసుకుంటూ ఉండాలి.

ఈ పేరు వెనక పెద్ద కథే ఉంది. తెల్లవాళ్ల పాలనలో, 1935 చట్టం కింద, ఓటు కొందరిదే. భూమి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు మాత్రమే అది దక్కింది. స్వతంత్రం వచ్చాక, రాజ్యాంగం రాయడం ఇంకా పూర్తి కాకముందే, 1948లోనే వయోజనులందరి పేర్లతో జాబితాల పని మొదలుపెట్టారు. దేశమంతా ఇల్లిల్లూ తిరిగి రాశారు. మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి. అప్పటికి జాబితాలో 17 కోట్ల 30 లక్షల మందికి పైగా ఎక్కారు. వాళ్లలో ఎక్కువమంది అక్షరం ముక్క రానివాళ్లు.

ఆ పేర్లు రాసేటప్పుడే ఒక చిక్కు వచ్చిపడింది. ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో ఆడవాళ్లు తమ పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఫలానా వాడి తల్లిని, ఫలానా ఆయన భార్యను అని మాత్రమే చెప్పారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదన్నది అక్కడి ఆచారం. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. ఓటరు అంటే సొంత పేరున్న మనిషి, పేరు లేకుండా జాబితాలో చేర్చడం కుదరదన్నారు. అలా సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఆ జాబితాకు బయట మిగిలిపోయారు. ఆ నిర్ణయం కఠినమైనదే. కానీ దాని వెనకున్న మాట గొప్పది. ఈ రాజ్యం ముందు నువ్వు ఒకరి కోడలివో, ఒకరి భార్యవో అయి నిలబడనక్కర లేదు, నీ పేరుతో నువ్వు నిలబడు అన్న మాట అది. మన పల్లెల్లో కూడా "పెద్దకోడలు", "అబ్బాయి వాళ్లమ్మ" అని పిలిపించుకుంటూ ఏళ్లు గడిపేసిన తల్లులు ఎందరో. వాళ్ల అసలు పేరు గట్టిగా, నలుగురిలో, గౌరవంగా వినిపించే చోటు పోలింగ్ కేంద్రం.

ఇక ఈ జాబితాలోకి ఎవరు రావచ్చు? రాజ్యాంగం 326వ అధికరణం దీనికి ఆధారం. భారత పౌరులై ఉండాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తూ ఉండాలి. మొదట్లో వయసు హద్దు 21 ఏళ్లు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి నుంచి అది 18 అయింది.

పద్దెనిమిది ఎప్పటికి నిండాలన్న దగ్గర చాలామంది పిల్లలు పొరబడుతున్నారు. పాత రోజుల్లో జనవరి 1 ఒక్కటే లెక్క. జనవరి 2న పుట్టినవాళ్లు ఇంచుమించు ఏడాది ఆగాల్సి వచ్చేది. 2021లో చట్టం మారింది. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి వచ్చాయి. అవి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఆగస్టులో పద్దెనిమిది నిండే అమ్మాయి అక్టోబరు 1 నాటికే అర్హురాలు. పదిహేడేళ్లు నిండగానే ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోండి. పరీక్ష ఫీజు కట్టించినంత శ్రద్ధగా ఈ దరఖాస్తూ పెట్టించండి.

నివాసం సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఊళ్లో మనకు ఇల్లో, పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు రాదని చట్టం చెబుతుంది. మామూలుగా ఎక్కడ ఉంటామో అక్కడే ఓటు. అలాగని నాలుగు రోజులు ఊరు దాటితే ఓటు పోతుందనీ కాదు. తాత్కాలికంగా వెళ్లిన మనిషి నివాసం పోయినట్టు కాదని అదే చట్టంలో ఉంది. కూతురి కాన్పుకు వెళ్లిన ఆ ముసలమ్మ పక్షాన చట్టం నిలబడే ఉంది. ఆ సంగతి చెప్పేవాళ్లే లేకపోయారు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు హాస్టల్ ఉన్న చోట గాని, అమ్మానాన్నల దగ్గర గాని, రెండింటిలో ఒక చోట నమోదు చేసుకోవచ్చు. ఇల్లే లేని మనిషికి కూడా ఓటుంది. అతను చెప్పిన చోటుకు బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్వో, రాత్రిపూట వెళ్లి, నిజంగా అక్కడే పడుకుంటున్నాడని చూసి నిర్ధారిస్తారు. కాగితం చూపించాలన్న నిబంధన అతనికి లేదు. ఫుట్‌పాత్ మీద నిద్రపోయే మనిషి ఓటు కోసం ప్రభుత్వోద్యోగి రాత్రి వెతుక్కుంటూ వెళ్లాలని రాసిపెట్టిన దేశం మనది. ఆ నియమం తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. ఒక మనిషికి ఒకే చోట ఓటు. హైదరాబాదులో ఒకటి, సొంతూళ్లో ఒకటి ఉంచుకోవడం చాలామందికి తప్పుగా తోచదు. కానీ అది చట్టవిరుద్ధం. తెలిసి అబద్ధపు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇల్లు మారినప్పుడు పాత ఓటును కొత్త చోటుకు మార్పించుకోవాలి తప్ప, కొత్తగా రెండోది రాయించుకోకూడదు.

ఎవరికి ఓటు ఉండదు? పౌరులు కానివాళ్లకు లేదు. ఎన్నికల నేరాల వల్ల అనర్హత పడ్డవాళ్లకు లేదు. మతిస్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించినవాళ్లకు లేదు. ఈ చివరి మాట జాగ్రత్తగా వినండి. న్యాయస్థానం ప్రకటించాలి. మానసిక సమస్యకు మందులు వాడుతున్నంత మాత్రాన ఎవరి ఓటూ పోదు. అలాంటి బిడ్డను, అలాంటి తమ్ముణ్ని పోలింగ్ రోజున ఇంట్లో వదిలిపెట్టి వెళ్లకండి. జైల్లో ఉన్నవాళ్లు ఓటు వేయడానికి వీల్లేదు. ముందుజాగ్రత్త నిర్బంధంలో ఉన్నవాళ్లు మాత్రం పోస్టల్ బ్యాలెట్ ద్వారా వేయవచ్చు.

ఇప్పుడు ఫారాల మాట. అంకెలు నాలుగు గుర్తుంటే చాలు. కొత్తగా పేరు చేర్చడానికి ఫారం 6. విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్లకు ఫారం 6ఏ. ఒక పేరు మీద అభ్యంతరం చెప్పడానికి, లేదా తీసేయమనడానికి ఫారం 7. ఇల్లు మారినా, పేరులో తప్పు దిద్దాలన్నా, పోయిన కార్డు బదులు ఇంకోటి కావాలన్నా, వైకల్యం ఉందని నమోదు చేయించాలన్నా ఫారం 8. మీ ప్రాంతపు బీఎల్వోకి ఇవ్వొచ్చు, తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వొచ్చు, ఎన్నికల సంఘం వారి పోర్టల్లో ఫోన్ నుంచే పెట్టొచ్చు. ఏ సందేహం ఉన్నా 1950 నంబరుకు ఫోన్ చేయండి. వయసుకు ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు, ఒక ఫోటో కావాలి. సరైన కారణంతో ఆధార్ నంబరు ఇవ్వలేకపోయిన మనిషి దరఖాస్తును ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదని చట్టంలోనే ఉంది.

ఫారం 8 గురించి కొత్త కోడళ్లకు, వాళ్ల అత్తమామలకు ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లయి మెట్టినింటికి వచ్చిన అమ్మాయి పేరు పుట్టింటి జాబితాలోనే ఉండిపోతుంది. రెండేళ్లకు అక్కడ ఆమె లేదని తీసేస్తారు. ఇక్కడ ఎవరూ చేర్చరు. రేషన్ కార్డులో పేరు ఎక్కించడానికి ఎన్నిసార్లు తిరుగుతామో అందరికీ తెలుసు. అదే తిరుగుడులో ఈ ఫారం కూడా ఇచ్చి రండి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్న తేడాలు కూడా అప్పుడే దిద్దించుకోండి.

గడువు మాట కూడా చెప్పాలి. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేరదు. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాలకు, విచారణకు రోజులు కావాలి. కాబట్టి ఎన్నికల ప్రకటన వినపడ్డాక పరుగెత్తితే, చివరి బస్సుకు చెయ్యెత్తినట్టే. ఎక్కితే ఎక్కామన్నమాట, లేదంటే లేదు.

చేతిలో కార్డు ఉందిగా, ఇంకేం భయం అనుకునేవాళ్లు 2018 డిసెంబరు 7ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో కార్డు పట్టుకుని వచ్చిన ఎంతోమంది జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగారు. రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మొన్న 2025లో బిహార్‌లో జాబితాను సమగ్రంగా సవరించినప్పుడు, ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు కనిపించలేదు. తీసేసిన పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు తీసేయడం అవసరమే. ఆ ఏరివేతలో గింజ పోకుండా చూసుకోవలసిన బాధ్యత మనకూ ఉంది. మీరు ఎవరో చెప్పేది కార్డు. ఓటు వేయవచ్చని చెప్పేది జాబితా.

మీ పేరు తీసేయాలని ఎవరైనా ఫారం 7 ఇస్తే, మీ మాట వినకుండా తీసేయకూడదు. నమోదు అధికారి నిర్ణయం మీకు అన్యాయమనిపిస్తే పదిహేను రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం దొరక్కపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి దాకా వెళ్లవచ్చు.

పట్టభద్రులైన శ్రోతలకు ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ శాసనమండలి ఉంది. పట్టభద్రుల నియోజకవర్గం జాబితా మామూలు జాబితా కాదు. దానికి నవంబరు 1 లెక్క. డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్లు కావాలి. ఫారం 18 ఇవ్వాలి. ప్రతి ఎన్నికకూ ఆ జాబితా మొదటినుంచీ కొత్తగా రాస్తారు. పోయినసారి ఓటు వేశాను కాబట్టి ఈసారీ పేరు ఉంటుందనుకుని మోసపోయిన నా శిష్యులే చాలామంది ఉన్నారు.

సరే, జాబితాలో పేరు ఉంది. పోలింగ్ రోజు వచ్చింది. ఆ రోజు జీతంతో కూడిన సెలవు మన హక్కు. కర్మాగారంలోనైనా, దుకాణంలోనైనా యజమాని ఇవ్వవలసిందే. కార్డు కనపడకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, పాస్‌పోర్టు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఫోటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం వంటివి చూపించవచ్చు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు చీటీ మాత్రం గుర్తింపు పత్రంగా చెల్లదు.

పేరు చదివాక రెండో అధికారి ఎడమ చేతి చూపుడు వేలికి సిరా చుక్క పెట్టి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. ఆ సిరా 1962 నుంచి మైసూరులోనే తయారవుతోంది. తరవాత తెర చాటున మీరు, యంత్రం. నచ్చిన గుర్తు ఎదుట నీలం మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది. పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో ఆ అభ్యర్థి పేరు, గుర్తు ఉన్న కాగితం ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. కంగారుపడి వెంటనే బయటకు రాకండి. ఆ ఏడు సెకన్లు మీవి. కళ్లారా చూసుకోండి. అభ్యర్థులెవరూ నచ్చకపోతే చివర్లో నోటా మీట ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. చూపు లేనివాళ్ల కోసం యంత్రం మీద బ్రెయిలీ అంకెలు ఉంటాయి. సొంతంగా నొక్కలేనివాళ్లు పద్దెనిమిదేళ్లు దాటిన ఒక తోడును లోపలికి తీసుకెళ్లవచ్చు.

మీరు వెళ్లేసరికి మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే? తల వంచుకుని ఇంటికి వెళ్లకండి. ప్రిసైడింగ్ అధికారిని అడగండి. మీరెవరో రుజువు చేసుకుంటే 49పి నియమం కింద మీకు కాగితపు బ్యాలెట్ ఇవ్వాలి. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. మామూలు లెక్కింపులో అది కలవదు. కవరులో భద్రంగా ఉంటుంది. ఫలితం మీద వివాదం కోర్టుకు వెళితే అప్పుడది మాట్లాడుతుంది. ఇంకో సంగతి. సమయం ముగిసేటప్పటికి మీరు వరుసలో ఉంటే చాలు. వరుస చివరి మనిషి నుంచి మొదలుపెట్టి అందరికీ చీటీలు ఇస్తారు. ఎంత రాత్రయినా వాళ్లందరి ఓట్లూ పడాల్సిందే. లాంతరు పెట్టుకుని ఆ ఓట్లు వేయించిన రాత్రులు నా ఉద్యోగంలో ఉన్నాయి.

కేంద్రం దాకా రాలేనివాళ్ల సంగతీ చట్టం ఆలోచించింది. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లు ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లో ఫారం 12డీ ఇస్తే, అధికారులే బ్యాలెట్ పట్టుకుని ఇంటికి వస్తారు. ముందుగా తేదీ చెబుతారు. వీడియో తీస్తారు, కానీ ఓటు రహస్యంగానే ఉంటుంది. అలా కోరినవాళ్లు మళ్లీ కేంద్రానికి వచ్చి వేయడానికి వీలుండదు. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. సైన్యంలో ఉన్న మన బిడ్డలకు బ్యాలెట్ కంప్యూటర్ ద్వారా అందుతుంది. వాళ్లు దాన్ని అచ్చు తీసి, గుర్తు పెట్టి, తపాలాలో పంపుతారు.

గల్ఫ్‌లో పనిచేస్తున్న నిజామాబాద్, కరీంనగర్, కడప బిడ్డలకు, అమెరికాలో ఉన్న మన ఇంజినీర్లకు 2011 నుంచి ఓటు హక్కు ఉంది. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామాతో ఫారం 6ఏ ఇవ్వాలి. పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా రావాలి. అంత దూరం నుంచి ఎంతమంది రాగలరు? వాళ్లకు ఉన్నచోటి నుంచే వేసే దారి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. దూరాన ఉన్నవాళ్లు కూడా కిక్కిరిసిన బస్సుల్లో, రైళ్లలో నిలబడి వచ్చి వేశారు. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో సగంమంది కూడా కేంద్రానికి రాలేదు. నడిచి వెళ్లగలిగినంత దూరంలో కేంద్రం ఉన్నవాళ్లు ఇంట్లో ఉండిపోయారు. పల్లెలో ఆ ముసలమ్మ ఎండలో నడిచి వచ్చి, పేరు లేక తిరిగి వెళ్లింది. పేరు ఉండి కూడా వెళ్లనివాళ్లకు ఆమె నడక ఒకసారి గుర్తు చేయాలనిపిస్తుంది.

నా మాట ముగిసే ముందు మీ ఇంట్లో చేయవలసిన చిన్న పని ఒకటి అప్పగిస్తాను. ఈ సాయంత్రం ఫోన్ తీసి, లేదా బీఎల్వో దగ్గరికి వెళ్లి, మీ వీధి జాబితా చూడండి. మీ ఇంటి నంబరు కింద ఉన్న పేర్లు పైకి చదవండి. పక్క గదిలో మంచం మీదున్న నాన్నమ్మకు వినపడేలా, ఆమె పేరు పూర్తిగా చదవండి. పేరు లేకపోతే రేపు పొద్దున్నే ఫారం తెచ్చి, ఆమె పక్కన కూర్చుని నింపండి. పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దామె పేరు కూడా చూసి చెప్పి రండి. ఆ ముసలమ్మ పల్లెలో ఆ పని చేసే మనిషి ఒక్కరున్నా ఆ కార్డు కొంగుముడిలోకి తిరిగి వెళ్లేది కాదు.